రెండేళ్ల బాబు తోటిపిల్లలతో కలిసి ఆడడం లేదు. ఏ వయసులో ఆట ఎలా ఉంటుంది?

ప్రశ్న: మాది మధురవాడ. బాబుకి రెండేళ్ల మూడు నెలలు. సాయంత్రం అపార్ట్‌మెంట్ కిందికి తీసుకెళ్తే పిల్లల పక్కనే కూర్చుని తన పాటికి తాను ఆడుకుంటాడు, వాళ్ళతో కలవడు. ఈ మధ్యే చేర్చిన ప్లేస్కూల్లో కూడా "మింగిల్ అవ్వడం లేదు" అన్నారు. మా అత్తగారు "ఈ గుంటడికి ఎవరితోనూ పొత్తు కుదరదు" అంటున్నారు. ఇంట్లో అయితే ఖాళీ గ్లాసుతో వాళ్ళ తాతగారికి కాఫీ ఇస్తాడు. బీచ్‌కి వెళ్తే దూరంగా ఓడ కనిపించగానే వేలు చూపించి మమ్మల్నీ చూడమంటాడు. ఫోన్‌లో ఏ వయసుకి ఏ ఆట అన్న పట్టిక చదివితే భయమేసింది. నేను టెన్షన్ పడాలా? ఏ వయసులో ఏ ఆట ఆడాలి, ఏం బొమ్మలు కొనాలి?

జవాబు: మీరు మాటవరసకి రాసినట్టున్న ఆ రెండు సంగతులనే, తాతగారి కాఫీనీ, బీచ్‌లో ఓడనీ, నేను ముందు చూశాను. అవి లేకపోతే నా జవాబు వేరేలా ఉండేది. మీ బాబు వయసులో పక్కపక్కన కూర్చుని ఎవరి ఆట వాళ్ళు ఆడుకోవడమే కలిసి ఆడుకోవడం. దాని గురించి దిగులు అక్కర్లేదు. అలాగని "పెరిగితే అదే సర్దుకుంటుందిలే" అని ఒక్క ముక్కలో తేల్చెయ్యను. పసితనం నుంచి ఆట ఎలా పెరుగుతుందో తెలిస్తే ఏది మామూలో, ఏది డాక్టరుకి చూపించాల్సిందో మీకే అర్థమవుతుంది. నేను డాక్టర్ని కాను. విశాఖలో చాలా ఏళ్లు ప్లేస్కూల్ నడిపాను, అంగన్‌వాడీ టీచర్ల శిక్షణ తరగతుల్లో పాఠాలు చెప్పాను.

పుట్టిన బిడ్డకి మొదటి ఆటబొమ్మ మీ మొహం. అప్పుడు చూపు స్పష్టంగా ఆనేది సుమారు 20 నుంచి 30 సెంటీమీటర్ల దూరం వరకే. పాలిచ్చేటప్పుడు తల్లి మొహం ఉండేది అంత దూరంలోనే. ఉయ్యాలకి ఎంత ఖరీదైన బొమ్మల గుత్తి కట్టినా ఆ వారాల్లో మీ కనుబొమ్మలు కదిలితేనే సరదా. రెండు మూడు నెలలకి బిడ్డకి తన చెయ్యి తనకి కనిపిస్తుంది, ఇక దాన్నే తిప్పి తిప్పి చూసుకుంటుంది. నాలుగో నెల వచ్చేసరికి చేతిలో పెట్టిన గిలక్కాయ అనుకోకుండా ఊగి చప్పుడవుతుంది. బిడ్డ ఒక్క క్షణం ఆగుతుంది, మళ్ళీ ఊపుతుంది, మళ్ళీ ఊపుతుంది. స్విట్జర్లాండ్‌కి చెందిన మనస్తత్వవేత్త జీన్ పియాజే తన ముగ్గురు పిల్లల్నీ ఇలాగే దగ్గర కూర్చుని గమనించి రాసుకున్నాడు. వచ్చేసిన పనిని కేవలం చేసే సంతోషం కోసం మళ్ళీ మళ్ళీ చెయ్యడమే పసిపిల్లల ఆట అని ఆయన చెప్పింది ఈ గిలక్కాయ చూస్తే తెలిసిపోతుంది. దొరికిందల్లా నోట్లో పెట్టుకోవడం కూడా ఇందులో భాగమే. వస్తువు గట్టిదా మెత్తదా, చల్లగా ఉందా అని వాళ్ళు తెలుసుకునేది ముందు నోటితోనే.

ఎనిమిది, తొమ్మిది నెలలకి చెంచా కింద పడెయ్యడం మొదలవుతుంది. మీరు తీసి ఇస్తారు, మళ్ళీ పడుతుంది. ఇంట్లో వాళ్ళు దీన్ని మొండితనం అంటారు. నిజానికి ఆ సమయంలో బిడ్డకి పెద్ద విషయం ఒకటి తెలుస్తోంది. కంటికి కనబడకపోయినా వస్తువు ఎక్కడో ఉంటుంది. పియాజే ఈ తెలివి ఎనిమిది నెలల తర్వాతే వస్తుందన్నాడు. 1980లలో రెనే బయార్జాన్ అనే పరిశోధకురాలు చేసిన ప్రయోగాల్లో నాలుగైదు నెలల పిల్లల్లోనే దాని జాడలు కనిపించాయి. ఎప్పుడు మొదలైనా ఇంట్లో మనకి కనిపించేది మాత్రం ఈ నెలల్లోనే. మొహం మీద చీర కొంగు వేసుకుని తీస్తే కిలకిలా నవ్వేది అందుకే, అమ్మ పోలేదు, కొంగు వెనకాలే ఉంది.

ఇక్కడ కాస్త ఆగుతాను, మీ ప్రశ్నకి జవాబు దాదాపు ఇక్కడే ఉంది. కొంగు ఆట, తారంగం, చెమ్మచెక్క, ఇవన్నీ ఇద్దరు ఆడే ఆటలు. కానీ ఇద్దరిలో ఒకరు పెద్దవాళ్ళు. బిడ్డ చప్పట్లు కొట్టడం ఆలస్యమైతే అమ్మమ్మ ఆగుతుంది. మరిచిపోతే చేతులు పట్టుకుని కొట్టిస్తుంది. విసుగొస్తే పాట మారుస్తుంది. ఆటలో బిడ్డ వంతుకి వచ్చిన లోటంతా పెద్దవాళ్ళే పూడుస్తారు. మీ బాబు తాతగారికి కాఫీ ఇచ్చినప్పుడు జరిగేదీ అదే. ఆయన గ్లాసు అందుకుంటారు, ఊదుకుంటారు, "పంచదార తక్కువైంది నాన్నా" అంటారు. ఇంకో రెండేళ్ల పిల్లవాడికి ఆ గ్లాసు ఇచ్చి చూడండి. వాడు గ్లాసు లాక్కుని వెళ్ళిపోతాడు. అంచేత తాతతో ఆడే పిల్లవాడు తోటివాడితో ఆడకపోవడం వింత కాదు. తన వంతూ, అవతలివాడి వంతూ రెండూ చూసుకునే శక్తి ఈ వయసులో ఇద్దరికీ ఇంకా రాలేదు.

ఏడాది నిండాక మీ వంటింటి కింది అర ఖాళీ అయి ఉంటుంది, గుర్తు తెచ్చుకోండి. డబ్బాలో గరిట వెయ్యడం, తియ్యడం, మూత పెట్టడం, కొట్టి చప్పుడు వినడం. ఆ తర్వాత లేని వస్తువుని ఉన్నట్టు అనుకునే ఆట వస్తుంది, దానికీ ఒక వరస ఉంది. ఏడాది, ఏడాదిన్నర మధ్య ఖాళీ గ్లాసు తన నోటికే పెట్టుకుంటాడు. ఏడాదిన్నర దాటాక ఆ గ్లాసు బొమ్మ నోటికో, తాతగారి చేతికో వెళుతుంది. రెండేళ్లకి అటూ ఇటూగా చెక్కముక్క ఫోన్ అవుతుంది, దువ్వెన బస్సవుతుంది. ఆ తర్వాతే అసలు తమాషా. అప్పటిదాకా వాడు తాగిస్తే తాగిన బొమ్మ, ఇప్పుడు తనే గ్లాసు పట్టుకుని తాగుతుంది, తనకే జ్వరం వస్తుంది, తనే వద్దని ఏడుస్తుంది. అంటే వాడి మనసులో బొమ్మకి కూడా ఒక మనసు వచ్చింది. మీ బాబు ఈ మలుపు దగ్గరే ఉన్నాడు. రాబోయే నెలల్లో కాఫీ కలపడం, ఇవ్వడం, గ్లాసు కడగడం ఒకదాని తర్వాత ఒకటి వరసగా చేస్తున్నాడేమో గమనించండి. పిల్లలతో ఎంతసేపు కలిశాడన్న లెక్క కంటే ఈ ఎదుగుదలే ఎక్కువ చెబుతుంది.

మీరు ఫోన్‌లో చదివి భయపడిన పట్టిక ఎక్కడిదో చెప్తాను. 1926-27లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో మిల్డ్రెడ్ పార్టెన్ అనే పరిశోధకురాలు నర్సరీ పిల్లలని ఒక్కొక్కరినీ నిమిషం చొప్పున, వేర్వేరు రోజుల్లో గమనించి, 1932లో ఆ వివరాలు ప్రచురించింది. ఊరికే అటూ ఇటూ తిరగడం, ఒంటరిగా ఆడటం, పక్కనుంచి చూడటం, పక్కపక్కన ఆడటం, మాటలూ వస్తువులూ పంచుకుంటూ ఆడటం, అందరూ కలిసి ఒక పథకం ప్రకారం ఆడటం అని ఆరు రకాలు పెట్టింది. చిన్నవాళ్ళలో మొదటివి, పెద్దవాళ్ళలో చివరివి ఎక్కువ కనిపించాయి. గొప్ప పనే. కానీ ఇంటర్నెట్‌లో దీన్ని ఎక్కాల్సిన మెట్ల వరసగా మార్చి, ఒక్కో మెట్టుకి ఒక వయసు రాసి పెట్టేశారు. తర్వాత వచ్చిన పరిశోధనలు అది మెట్ల వరస కాదని తేల్చాయి. నాలుగైదేళ్ల పిల్లలు కూడా రోజులో చాలాసేపు ఒంటరిగానే బ్లాకులు పేర్చుకుంటారు, బొమ్మలు వేసుకుంటారు, అది వెనకబాటు కాదు. పక్కనుంచి చూస్తూ నిలబడటమూ ఒక పనే, కొత్తగా బడిలో చేరిన పిల్లవాడికి మరీను. ఇక పక్కపక్కన ఆడటం ఎంత ఉపయోగమో మీ బాబు వయసు పిల్లల్ని ఇసుకలో కూర్చోబెట్టి చూస్తే తెలుస్తుంది.

ఆర్కే బీచ్‌లో అలలకి దూరంగా, పొడి ఇసుకలో, ఒకరినొకరు ఎరగని ఇద్దరు రెండేళ్ల పిల్లలని ఊహించుకోండి. ఇలాంటివి నేను ఎన్నో చూశాను. ఒకడి దగ్గర పెరుగు కప్పు, ఇంకొకడి దగ్గర చిన్న పార. ఒకరి వైపు ఒకరు తిరగరు. కప్పు ఉన్నవాడు ఇసుక నింపి బోర్లించి అరచేత్తో తడతాడు. రెండోవాడు పార ఆపి కంటి చివరి నుంచి చూస్తాడు. కాసేపటికి వాడూ ఇసుకని అరచేత్తో తడతాడు. మొదటివాడు ఇది గమనించి ఇంకా గట్టిగా తడతాడు. ఈసారి ఇద్దరి నోటా ఒకేసారి "ధబ్" అని వస్తుంది, చిన్న నవ్వు. అంతే, మళ్ళీ ఎవరి ఇసుక వాళ్ళది. బెంచీ మీద కూర్చున్న పెద్దవాళ్ళకి "పిల్లలు కలవడం లేదు" అనిపిస్తుంది. మాటలు పూర్తిగా రాని ఇద్దరు, పరిచయం లేకుండా, ఒకరి పని ఇంకొకరు అనుకరించి సంభాషణ నడిపారు. కలిసి ఆడే ఆట ఇక్కడి నుంచే పుడుతుంది. కాస్త పెద్ద పిల్లలు కూడా కొత్త గుంపులో చేరాలంటే ముందు పక్కన అదే పని మొదలుపెట్టి, తర్వాత మెల్లగా లోపలికి జరుగుతారు. (బీచ్ మాట వచ్చింది కాబట్టి, మన తీరంలో అల వెనక్కి లాగే జోరు ఎక్కువ. నీళ్ళ అంచున చెయ్యి వదలకండి.)

ఈ సమయంలో పెద్దలు చేసే పనుల్లో నాకు నచ్చనిది బలవంతపు పంపకం. "తమ్ముడికి ఇచ్చెయ్, మంచి బాబువి కదా" అని చేతిలోది లాగి ఇవ్వడం. "నాది" అని పట్టుకోవడం రెండేళ్లకి తప్పు కాదు. నాది అన్న భావం కుదిరాకే నీది అన్నది అర్థమవుతుంది. ఒకేలాంటివి రెండు పెట్టండి, రెండు గిన్నెలు, రెండు బంతులు. సగం పేచీలు అక్కడే పోతాయి.

మూడేళ్లు దాటాక గుంపులో మాటలు పెరుగుతాయి, వస్తువులు చేతులు మారతాయి, కానీ ఆటకి ఒక కథంటూ ఉండదు. నాలుగేళ్లకి కథ వస్తుంది. మా ప్లేస్కూల్ పెరట్లో బాదం చెట్టు కింద రాలిన ఆకుల్ని తట్టలో వేసుకుని ఇద్దరు అమ్మాయిలు చేపలు అమ్ముతున్నారు. "చందువా ఎంత?" "వంద ఇరవై." "అమ్మో, ఎక్కువ." కొనేది నిలబడి పోయింది. అమ్మేది వెంటనే మామూలు గొంతుతో, "కాదే, ఇప్పుడు నువ్వు వెళ్ళిపోవాలి. నేను పిలుస్తా. అప్పుడు రావాలి" అంది. ఆ పిల్ల నాలుగు అడుగులు నడిచింది. ఇటు నుంచి గొంతు మారింది, "అమ్మగారూ రండి రండి, మీకని ఎనభై!" అంతలో ఒక అబ్బాయి పాక్కుంటూ వచ్చి "నాకూ చేప" అన్నాడు. వాడు పిల్లి. "పిల్లులు మాట్లాడవు, మ్యావ్ అను" అని ఇద్దరూ కలిసి గద్దించారు. వాడు మ్యావ్ అన్నాడు, అప్పుడే ఆకు దొరికింది.

అందులో ఎన్ని పనులున్నాయో చూడండి. ఆటలోంచి బయటికి వచ్చి కథ మార్చుకోవడం, మళ్ళీ లోపలికి వెళ్ళడం, ఒక్కో వేషానికి ఒక్కో గొంతు, బేరం ఎలా జరుగుతుందో గుర్తుపెట్టుకోవడం. అన్నిటికంటే, మాట్లాడాలని ఉన్నా పిల్లి కాబట్టి నోరు కట్టుకోవడం. రష్యన్ మనస్తత్వవేత్త వైగాట్‌స్కీ 1933లో లెనిన్‌గ్రాడ్‌లో ఇచ్చిన ఉపన్యాసంలో గట్టిగా చెప్పింది ఇదే. ఊహల ఆట హద్దుల్లేని స్వేచ్ఛలా కనిపిస్తుంది గానీ ప్రతి వేషంలోనూ ఒక నియమం దాగి ఉంటుంది, ఆ నియమం కోసం పిల్లలు తమ తొందరని అదుపు చేసుకుంటారు. బల్ల ముందు కూర్చోబెట్టి అ, ఆలు దిద్దించి తెప్పించాలనుకునే ఓపిక ఇక్కడ ఎవరూ చెప్పకుండానే వస్తోంది. ఈ వయసులో కనబడని స్నేహితుడు ఒకడు ఇంటికి వచ్చి, వాడికీ కంచం పెట్టమంటే కంగారు పడకండి, చాలామంది పిల్లల్లో ఉండేదే.

నియమాల ఆటలు చివర్న వస్తాయి. మూడేళ్ల పిల్ల దాగుడుమూతల్లో ప్రతిసారీ అదే తలుపు వెనక దాక్కుని, మీరు వెతికేలోపు తనే "ఇక్కడున్నా" అని అరుస్తుంది. దొరకడమే దానికి సంతోషం. వీరి వీరి గుమ్మడిపండు లాంటివి నాలుగైదేళ్లకి కుదురుతాయి, ఓడిపోతే ఏడవకుండా ఉండటం ఇంకా తర్వాత. మన పెద్దలు దీనికి ఎప్పుడో ఉపాయం కనిపెట్టారు, ఆటలో అరటిపండు. చిన్నవాణ్ణి ఆటలో ఉంచుతారు, ఔట్ మాత్రం చెయ్యరు. మీ అపార్ట్‌మెంట్‌లో ఆరేడేళ్ల పిల్లలుంటే మీ బాబుని అలా చేర్చుకోమని అడగండి. ఒకే వయసు పిల్లల గుంపు కంటే పెద్దపిల్లలు రెండేళ్లవాడితో బాగా ఆడతారు, తాతగారు చేసే పనిలో కొంత వాళ్ళూ చెయ్యగలరు కాబట్టి.

బొమ్మల సంగతి. ఎక్కువ కొనకండి. స్టీలు గ్లాసులు, డబ్బాలు, పాత చున్నీ, అట్టపెట్టె, బంతి, కొన్ని చెక్క బ్లాకులు చాలు. బటన్ నొక్కితే పాడే బొమ్మ అయితే బొమ్మే ఆడుతుంది, పిల్లవాడు చూస్తాడు. కొనాలనిపిస్తే మన పక్కనే ఏటికొప్పాక ఉంది, అంకుడు కర్ర మీద లక్క రంగులు వేసి చేస్తారు, 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అక్కడి లక్కపిడతలు గుజ్జనగూళ్ళ ఆటకి ఎంతో బాగుంటాయి. కాకపోతే ఆ సెట్లలో గిన్నెలు కొన్ని మరీ చిన్నవి, మూడేళ్లలోపు పిల్లలు మింగే సైజు. నోట్లో పట్టేవన్నీ తీసి దాచండి. చింతపిక్కలు, గవ్వలు, పూసలు ఇప్పుడే వద్దు. గురివింద గింజలు అసలు ఇంట్లోనే వద్దు, నమిలితే విషం. రిమోట్‌లోని నాణెం బ్యాటరీ మూత స్క్రూతో బిగిసి ఉందో లేదో చూసుకోండి.

ఫోన్ గురించి మీరు అడగలేదు, అయినా చెప్తాను. భారత పిల్లల వైద్యుల సంఘం సలహా ప్రకారం రెండేళ్లలోపు స్క్రీన్ వద్దు, రెండు నుంచి ఐదేళ్ల వరకు రోజుకి గంట మించకూడదు, అదీ పెద్దవాళ్ళు పక్కనుండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పిన లెక్కలో ఏడాది నుంచి నాలుగేళ్ల పిల్లలకి రోజు మొత్తం మీద 180 నిమిషాల కదలిక కావాలి. మన ఫ్లాట్లలో అది కష్టమే. సాయంత్రం కిందకి దించడం ఒక్కటే దారి, మీరు అది చేస్తున్నారు.

ఎప్పుడు ఆలస్యం చెయ్యకూడదో కూడా చెప్పాలి. ఏడాది నిండినా పేరు పెట్టి పిలిస్తే తిరగకపోతే, ఏడాదిన్నరకి నచ్చినదాన్ని వేలితో చూపించకపోతే, రెండున్నరేళ్లకి ఉత్తుత్తి ఆట ఏదీ లేకపోతే, ఎంతసేపూ కారు చక్రాలు తిప్పడం లాంటి ఒక్క పనే చేస్తూ ఆపితే తట్టుకోలేకపోతే, మూడేళ్లకి కూడా తోటిపిల్లలు ఉన్నారన్న ధ్యాసే లేకపోతే, అన్నిటికంటే ముఖ్యంగా వచ్చిన మాట గానీ ఆట గానీ పోతే, పిల్లల డాక్టర్ని కలవండి. ముందు వినికిడి పరీక్ష చేయించండి. 16 నుంచి 30 నెలల మధ్య ఆటిజం అనుమానాన్ని వడపోసే ఎం-చాట్ అనే ప్రశ్నల పట్టిక ఉంది, చాలామంది డాక్టర్లు క్లినిక్‌లోనే నింపిస్తారు. మీ బాబుకి 27 నెలలు కాబట్టి మనసు శాంతించకపోతే ఇప్పుడే నింపించుకోవచ్చు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లాల్లో పెట్టిన సత్వర చికిత్సా కేంద్రాల్లో ఈ పరీక్షలు ఉచితం, మీ అంగన్‌వాడీ నుంచి కూడా పంపిస్తారు. "మగపిల్లలు లేటుగానే మొదలుపెడతారు" అన్న మాట విని ఏడాది పోగొట్టుకున్న తల్లిదండ్రుల్ని చూశాను.

మీ బాబు ఓడని చూపించి, మీరు చూశారా లేదా అని మీ మొహం వైపు తిరుగుతున్నాడు కదా. తను చూసింది మీకూ చూపించాలన్న కోరిక అది. ఆ కోరిక ఉన్న పిల్లవాణ్ణి ఎవరితోనూ కలవడని నేను అనను. మీ అత్తగారికి ఈ మాట మీరు చెప్తే బాగుండకపోవచ్చు. దానికి బదులు సాయంత్రం పిడతలు ఆవిడ ముందు పెట్టి "అత్తయ్యా, వీడికి మీరు గుజ్జనగూళ్ళు నేర్పండి" అనండి. నాయనమ్మలకి ఆ ఆట మనకంటే బాగా వచ్చు. కింద గుంపులోకి తొయ్యడం కొన్నాళ్ళు ఆపి, వాడి వయసు పిల్లవాణ్ణి ఒక్కణ్ణి, ఎప్పుడూ అదే పిల్లవాణ్ణి, ఇంటికి పిలవండి. మీరు నేల మీద దగ్గర్లోనే కూర్చోండి, ఏం ఆడాలో చెప్పకండి.

ప్లేస్కూల్ టీచర్‌ని ఈసారి కలిసినప్పుడు "మింగిల్ అవుతున్నాడా" అని అడగకండి. వాడు ఎవరి పక్కన కూర్చుంటున్నాడు, ఎవరి పని చూసి తనూ చేస్తున్నాడు, ఏ వస్తువు దగ్గర ఎక్కువసేపు ఉంటున్నాడు అని అడగండి. చూస్తున్న టీచర్ అయితే వెంటనే చెబుతారు. చెప్పలేకపోతే ఒక వారం గమనించి చెప్పమనండి. వాళ్ళు చెప్పింది ఇక్కడ రాస్తే తర్వాత ఏం చెయ్యాలో చూద్దాం.